మంచూరియా ఎక్కడిది? మన చైనీస్ హోటళ్ళ వెనకున్న మనుషుల కథ



ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, కోటలు లేవు. ఒక యుద్ధం మాత్రం ఉంది, అది మధ్యలో వస్తుంది. కథ మొదలయ్యేది మాత్రం ఒక ప్లేటు మంచూరియా దగ్గర.

సాయంత్రం నలుగురు స్నేహితులు కలిశారనుకోండి. ఎక్కడికెళ్దాం అన్న ప్రశ్న వస్తుంది. ఒకడికి బిర్యానీ వద్దు, మధ్యాహ్నమే తిన్నాడు. ఒకమ్మాయి శాకాహారి. ఇంకొకడి జేబులో పెద్దగా డబ్బుల్లేవు. చివరికి ఎవరో ఒకరు “చైనీస్ తిందాం పదండి” అంటారు, అందరూ సరేనంటారు. హైదరాబాదు అయినా అనకాపల్లి అయినా ఇంతే. బస్టాండు పక్కన ఫాస్ట్ ఫుడ్ బండి మీద ఎర్ర అక్షరాలతో నూడిల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా అని రాసి ఉంటుంది. ఆ బండి దగ్గర మన ఊళ్ళో మూడు తరాల వాళ్ళు నిలబడి తింటున్నారు ఇప్పుడు.

మరి ఇదంతా చైనాదేనా? చైనా నుంచి ఎవరైనా వచ్చి ఆ ప్లేటు చూస్తే, ఇదేమిటని మననే అడుగుతారు. మంచూరియా అనేది ఈశాన్య చైనాలో ఒక ప్రాంతం పేరు. చైనాని 1644 నుంచి 1912 దాకా ఏలిన మంచూ వంశం వాళ్ళది ఆ ప్రాంతమే. ఆ ప్రాంతానికీ, మనం తినే మంచూరియాకీ పేరు తప్ప ఏ సంబంధమూ లేదు.

అయితే ఈ తిండి ఎవరు పుట్టించారు? ఎక్కడ పుట్టింది? పుట్టించినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? ఈ మూడో ప్రశ్న సాధారణంగా ఎవరూ అడగరు. నన్నడిగితే ముఖ్యమైనది అదే. వరసగా చూద్దాం.

మొదట కలకత్తా వెళ్దాం. కాలం 1770ల చివర. గవర్నర్ జనరల్ వారన్ హేస్టింగ్స్. ఆ రోజుల్లో టాంగ్ అచ్యూ అనే చైనా వ్యాపారి బెంగాల్‌కి వచ్చాడు. హేస్టింగ్స్ అతనికి హుగ్లీ నది ఒడ్డున, బజ్ బజ్ దగ్గర భూమి ఇచ్చాడు. 650 బిఘాలు, ఏడాదికి 45 రూపాయలు శిస్తు. అచ్యూ అక్కడ చెరకు తోట వేసి పంచదార మిల్లు పెట్టాడు. పనివాళ్ళని కూడా చైనా నుంచే తెచ్చుకున్నాడు. తీరా తెచ్చుకున్నాక కలకత్తాలో కొందరు ఆ పనివాళ్ళకి ఆశ చూపించి లాక్కుపోవడం మొదలుపెట్టారు. అతను కంపెనీ ప్రభుత్వానికి ఫిర్యాదు చేస్తే, అలా చేయొద్దని 1781 నవంబరులో ప్రకటన కూడా ఇచ్చారు. ఆ తర్వాత రెండేళ్ళకే, 1783లో, అచ్యూ చనిపోయాడు. మిల్లు నిలవలేదు, పేరు నిలిచింది. ఆ ఊరిని ఇప్పటికీ అచీపూర్ అంటారు. అక్కడ గుర్రపు నాడా ఆకారంలో ఎర్ర రంగు వేసిన అతని సమాధి ఉంది. చైనా కొత్త సంవత్సరం వచ్చినప్పుడు కలకత్తా చైనీస్ కుటుంబాలు అక్కడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వస్తాయి.

అచ్యూ మనుషులు మెల్లిగా కలకత్తా నగరంలోకి చేరారు. వాళ్ళ తర్వాత ఇంకా చాలామంది వచ్చారు. టిరెట్టా బజార్ అని ఒక పేట ఉంది. ఎడ్వర్డ్ టిరెట్టా అనే ఇటలీ దేశస్థుడి పేరు మీద వెలిసిన బజారు అది. అదే చైనా వాళ్ళ పాత పేట అయింది. ఇక్కడో విషయం గమనించండి. వచ్చినవాళ్ళంతా ఒకే రకం మనుషులు కారు. కాంటన్ వైపు నుంచి వచ్చినవాళ్ళు వడ్రంగులు, ఓడల పనిలో ఆరితేరినవాళ్ళు. హూబే నుంచి వచ్చినవాళ్ళు పళ్ళు కట్టేవాళ్ళు. మద్రాసులో చాలాకాలం చైనా డెంటిస్టులు ఉండేవారు, పాతతరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మూడో రకం హక్కా వాళ్ళు. వీళ్ళు చెప్పులు కుట్టే పని, తోళ్ళు శుద్ధి చేసే పని పట్టుకున్నారు.

హక్కా అనే మాటకి అర్థం ఏమిటో తెలుసాండీ? అతిథి కుటుంబాలు అని. చైనాలోనే వాళ్ళు ఉత్తరం నుంచి దక్షిణానికి వలస వచ్చినవాళ్ళు. సొంత దేశంలోనే వాళ్ళని “బయటినుంచి వచ్చినవాళ్ళు” అన్నారు, ఆ పేరే ఖాయమైపోయింది. అలాంటివాళ్ళు ఇంకా దూరం వలసపోయి కలకత్తా చేరారు.

తోళ్ళ పనే ఎందుకు పట్టుకున్నారు? కులం వల్ల. చచ్చిన పశువు తోలు ముట్టుకునే పని మన సమాజం కొన్ని కులాల నెత్తిన పెట్టి, ఆ కులాల్ని ఊరవతల ఉంచింది. పై కులాలవాళ్ళు ఆ వ్యాపారంలో లాభమున్నా చేతులు పెట్టేవారు కాదు. ఆ ఖాళీలోకి హక్కా వాళ్ళు వచ్చారు. వాళ్ళకి ఈ మైల పట్టింపు లేదు. కలకత్తా తూర్పు అంచున టాంగ్రా అనే బురద నేలలో తోళ్ళ కార్ఖానాలు పెట్టారు. ఎలెన్ ఆక్స్‌ఫెల్డ్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త ఈ టాంగ్రా హక్కా వాళ్ళ మధ్య ఉండి పరిశోధన చేసి, 1993లో ఒక పుస్తకం వేశారు. కుటుంబమంతా కార్ఖానాలోనే కాపురం ఉంటూ ఎలా పైకొచ్చారన్నది అందులో వివరంగా కనిపిస్తుంది.

ఇక తిండి సంగతి. మొదట్లో చైనా హోటలంటే చైనా వాళ్ళ కోసమే. ఒంటరిగా వచ్చిన వడ్రంగులకి, ఓడ దిగిన నావికులకి అన్నం పెట్టే చోటు. 1920ల నాటికి కలకత్తాలో నాన్‌కింగ్, ఆవ్ చ్యూ లాంటి పేరున్న హోటళ్ళు వచ్చాయి. తెల్లవాళ్ళు, ఆంగ్లో ఇండియన్లు, తర్వాత బెంగాలీ కుటుంబాలు వెళ్ళడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఒక్క క్షణం మన వైపు చూద్దాం. అదే కాలంలో మన దగ్గర హోటళ్ళు ఎలా ఉండేవి? బ్రాహ్మణ కాఫీ హోటల్ అని బోర్డు పెట్టుకోవడం మద్రాసు రాజధానిలో మామూలు విషయం. కొన్నిచోట్ల బ్రాహ్మలకి వేరే గది. దళితులకి లోపలికి ప్రవేశమే లేదు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్ళలోకి ఎవరినీ కులం పేరుతో ఆపకూడదని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి. రాజ్యాంగం వచ్చిన ఏడేళ్ళకి కూడా, 1957లో, మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు బోర్డు మీద బ్రాహ్మణ అన్న మాట తీసెయ్యాలని పెరియార్ మనుషులు రోజుల తరబడి ఆందోళన చేశారు.

తిండి విషయంలో మనకి ఇంకో పట్టింపు ఉంది, ఎంగిలి. మన పద్ధతిలో ఎవరి విస్తరి వాళ్ళది. ఒకరి విస్తట్లో ఇంకొకరు చెయ్యి పెట్టరు. చైనా పద్ధతిలో వంటకాలన్నీ బల్ల మధ్యలో ఉంటాయి. అందరూ అందులోంచే వడ్డించుకుంటారు. హోటలువాడు నీ కులం అడగడు, వాడి కులం నీకు తెలిసే అవకాశమే లేదు. ఎవరు ఎవరితో కూచుంటే ఏమిటని చూసే పెద్దమనిషి అక్కడ ఉండడు. మన దేశంలో స్నేహితుల గుంపులకి చైనీస్ హోటల్ అంతగా నచ్చడానికి రుచి ఒక్కటే కారణమని నేననుకోను. ఆ బల్ల మన లెక్కల్లో ఎవరికీ చెందని బల్ల. అందుకే అది అందరిదీ అయింది.

మా డిగ్రీ రోజుల్లో మేం ఐదుగురం నెలకోసారి అలాంటి ఒక చిన్న హోటల్‌కి వెళ్ళేవాళ్ళం. పేరు అనవసరం. లోపల ఎర్ర లాంతర్లు, గోడకి డ్రాగన్ బొమ్మ, ఎంత పగలైనా చీకటి. సూపులు వన్ బై టూ చెప్పేవాళ్ళం. ఐదుగురం కాబట్టి లెక్క కుదరక, ఒకటి వన్ బై త్రీ చేయించేవాళ్ళం. వెయిటర్ మొహం చిట్లించేవాడు కానీ తెచ్చేవాడు. మా ఐదుగురి ఇళ్ళల్లో ఒకరింటికి ఒకరు భోజనానికి వెళ్ళే పరిస్థితి ఆ రోజుల్లో పూర్తిగా లేదు. కారణం మీకు విడమరచి చెప్పక్కర్లేదు. ఒకే ప్లేటులోంచి ఫ్రైడ్ రైస్ తినడం మాత్రం ఎవరికీ అడ్డు కాలేదు. అప్పుడు దాని గురించి మేం ఆలోచించనుకూడా లేదు.

సరే, ఇప్పుడు అసలు కథలోకి వద్దాం. 1962.

అక్టోబరు 20న చైనా సైన్యం సరిహద్దు దాటి దాడి చేసింది. నవంబరు 21న తనంతట తనే కాల్పుల విరమణ ప్రకటించింది. నెల రోజుల యుద్ధం. మనకి పెద్ద అవమానం, ఎందరో సైనికులు చనిపోయారు. ఈ సంగతి అందరికీ తెలుసు. అదే నెలలో దేశం లోపల ఏం జరిగిందన్నది తక్కువమందికి తెలుసు.

అక్టోబరు 26న ఎమర్జెన్సీ ప్రకటించారు. వెంటనే విదేశీయుల చట్టాన్ని సవరించారు. ఆ సవరణ ప్రకారం, మన మీద దాడి చేసిన దేశపు పౌరసత్వం ఒక మనిషికి గానీ, అతని తల్లిదండ్రుల్లో ఒకరికి గానీ, తాతమ్మల్లో తాతల్లో ఎవరికైనా గానీ ఎప్పుడైనా ఉండి ఉంటే చాలు, ఆ మనిషిని విదేశీయుడి కింద జమకట్టవచ్చు. అంటే ఏమిటి? మీరు అస్సాంలో పుట్టి, అస్సామీ మాట్లాడుతూ, చైనాని పటంలో తప్ప చూడకపోయినా సరే, మీ తాత అక్కడివాడైతే మీరు శత్రువే.

అలా సుమారు 3,000 మందిని పట్టుకున్నారు. అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్ వైపు వాళ్ళే ఎక్కువ. ముసలివాళ్ళు, పసిపిల్లలు, కడుపుతో ఉన్న ఆడవాళ్ళు అందరూ అందులో ఉన్నారు. వాళ్ళని రైళ్ళల్లో ఎక్కించి దేశానికి ఆ చివర, రాజస్థాన్ ఎడారి వైపున్న దేవ్‌లీ శిబిరానికి పంపారు. వారం రోజుల ప్రయాణం. ఆ రైలు మీద శత్రువుల రైలు అని రాసి ఉందనీ, స్టేషన్లలో జనం రాళ్ళూ చెప్పులూ విసిరారనీ ఆనాటి పిల్లలు పెద్దయ్యాక చెప్పుకున్నారు. దేవ్‌లీ కొత్త శిబిరమేం కాదు. బ్రిటిష్ వాళ్ళు జయప్రకాశ్ నారాయణ్ లాంటి నాయకుల్ని నిర్బంధించిన చోటు. మన నాయకుల్ని బంధించిన చోటే, స్వాతంత్ర్యం వచ్చాక మనం మన పిల్లల్ని బంధించాం.

యుద్ధం నెలలో అయిపోయింది కదా, వదిలేశారా అంటే, లేదు. కొందరు 1967 దాకా అక్కడే ఉన్నారు. ఆ శిబిరంలో పిల్లలు పుట్టారు కూడా. అలా పుట్టిన జాయ్ మా అనే ఆవిడ, దిలీప్ డిసౌజాతో కలిసి 2020లో దేవ్‌లీవాలాల మీద పుస్తకం రాశారు. అంతకుముందే, 2010లో, అస్సామీ రచయిత్రి రీటా చౌధురి మాకుం అనే ఊరి చైనీస్ కుటుంబాల మీద నవల రాశారు. టీ తోటల ప్రాంతంలో ఉన్న ఊరది. అక్కడ చైనా వాళ్ళు అస్సామీ అమ్మాయిల్ని పెళ్ళి చేసుకుని తరాలుగా కలిసిపోయారు. పోలీసులు వచ్చిన రోజున కొన్ని ఇళ్ళల్లో భర్త, పిల్లలు రైలెక్కితే భార్య ఉండిపోయింది.

1963లో చైనా ప్రభుత్వం ఓడలు పంపితే, శిబిరంలోంచి రెండు వేల మందికి పైగా ఆ ఓడలెక్కి చైనా వెళ్ళిపోయారు. ఆ ఓడలు వచ్చింది మద్రాసు రేవుకే. వెళ్ళినవాళ్ళలో చాలామందికి అది కొత్త దేశం. మిగిలినవాళ్ళు విడుదలై ఇళ్ళకి వస్తే, చాలామందికి ఇళ్ళు లేవు, షాపులు లేవు. శత్రువుల ఆస్తి కింద వేలం వేసేశారు. కలకత్తాలో శిబిరానికి వెళ్ళకుండా మిగిలినవాళ్ళ పరిస్థితి కూడా అంతంత మాత్రమే. నగరం దాటాలంటే అనుమతి, పోలీస్ స్టేషన్లో సంతకం. రేవులో వడ్రంగుల ఉద్యోగాలు పోయాయి. వీలున్నవాళ్ళు కెనడాకో, ఆస్ట్రేలియాకో, ఇంకెక్కడికో వెళ్ళిపోయారు.

మరి ఉండిపోయినవాళ్ళు ఏం చేశారు? ఉద్యోగం ఇచ్చేవాడు లేడు. పెద్ద పెట్టుబడి లేదు. ఇంటిల్లిపాదీ కష్టపడితే నడిచే వ్యాపారాలు కొన్నే ఉన్నాయి. చెప్పుల షాపు, బ్యూటీ పార్లరు, లాండ్రీ, హోటలు. కాస్త ఆలోచించండి. నీ మొహం చూసి శత్రువు అంటున్న జనానికే నువ్వు అన్నం వండిపెట్టి బతకాలి. వాళ్ళకి నచ్చేలా వండాలి. మన చైనీస్ వంటలో కారం, మసాలా, అల్లంవెల్లుల్లి ఎందుకు పెరుగుతూ పోయాయి అన్నదానికి జవాబులో ఒక భాగం ఇక్కడుందని నా అభిప్రాయం.

టాంగ్రాలో మోనికా లియూ అని పేరున్న హోటళ్ళ యజమానురాలు ఉన్నారు. చిన్నపిల్లగా కుటుంబంతో సహా దేవ్‌లీలో ఏళ్ళు గడిపిన మనిషి. బయటికొచ్చాక బ్యూటీ పార్లరు నడిపి, తర్వాత ఒకదాని వెనక ఒకటి హోటళ్ళు పెట్టారు. కలకత్తా వాళ్ళు ఇవాళ కుటుంబాలతో వెళ్ళి తినే బల్లల వెనక అలాంటి జీవితం ఉంది.

ఇక మంచూరియా పుట్టుక. నెల్సన్ వాంగ్ అని కలకత్తాలో పుట్టిన చైనీస్ కుర్రాడు. 1970లలో పొట్ట చేతపట్టుకుని బొంబాయి చేరాడు. అప్పటికి బొంబాయిలో చైనీస్ తిండికి గిరాకీ మొదలైంది. 1973లో తాజ్ హోటల్ వాళ్ళు గోల్డెన్ డ్రాగన్ పెట్టి సిచువాన్ వంట రుచి చూపించారు. నెల్సన్ వాంగ్ క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో వంట చేస్తున్నాడు. 1975లో ఒకరోజు ఎవరో మెనూలో లేనిదేదైనా కొత్తగా చెయ్యమన్నారట. అతను తరిగిన అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి నూనెలో వేశాడు. మన వంటవాడైతే ఆ తర్వాత గరం మసాలా వేస్తాడు. అతను దాని బదులు సోయా సాస్ పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచి, వేయించిన చికెన్ ముక్కలు అందులో వేశాడు. అదే చికెన్ మంచూరియన్. ఇది ఆయన చెప్పుకున్న కథే అనుకోండి. 1983లో ఆయనే చైనా గార్డెన్ అని సొంత రెస్టారెంటు పెట్టి చాలా పెద్దవాడయ్యాడు.

ఆ వంట ఎందుకంత తొందరగా పాకింది? మన వంటింట్లోంచే చూడండి. కాలీఫ్లవర్ ముక్కల్ని పిండిలో ముంచి నూనెలో వేస్తే అది పకోడీ. దాన్ని పుల్లగా, కారంగా ఉన్న చిక్కటి రసంలో వేస్తే, మజ్జిగపులుసులో వడలు వేసినట్టే. పద్ధతి మనకి కొత్త కాదు, సోయా సాస్ వాసన ఒక్కటే కొత్త. పైగా మాంసం తీసేసి గోబీ పెట్టినా, క్యాబేజీ ఉండలు పెట్టినా, పనీర్ పెట్టినా ఆ రసం మారదు. అంతకన్నా శాకాహారి స్నేహితుడికి ఏం కావాలి?

పేర్ల సంగతి కూడా చూడండి. హక్కా నూడిల్స్ అంటాం. హక్కా వాళ్ళు ప్రధానంగా అన్నం తినేవాళ్ళు. ఆ పేరు కలకత్తా హక్కా హోటళ్ళ వల్ల వచ్చింది. షెజ్వాన్ అంటాం, అది సిచువాన్. అక్కడి వంటలో నాలుక తిమ్మిరెక్కించే ఒక రకం మిరియం ఉంటుంది. మన షెజ్వాన్ సాస్‌లో ఉండేది ఎండుమిర్చి, వెల్లుల్లి. ఆ మాటకొస్తే మిరపకాయ అటు చైనాదీ కాదు, ఇటు మనదీ కాదు. అమెరికా ఖండం నుంచి సముద్రం దాటొచ్చి గుంటూరులోనూ సిచువాన్‌లోనూ ఇల్లు కట్టుకుంది.

మన తెలుగు ఊళ్ళకి ఇది రెండు అంచెల్లో వచ్చింది. మొదటి అంచె నగరాల్లో కూచుని తినే హోటళ్ళు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో నాన్‌కింగ్ పేరు చెప్తే పాతవాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. రెండో అంచె బండి. 1983లో మ్యాగీ వచ్చి, నూడిల్స్ అనే వస్తువుని పిల్లలున్న ప్రతి ఇంటికీ పరిచయం చేసింది. ఆ తర్వాత గ్యాస్ పొయ్యి, పెద్ద మంట, ఇనప బాండీ, ముందే వండి చల్లార్చిన అన్నం, తరిగిన క్యాబేజీ, క్యారెట్ ఉంటే చాలు, మూడు నిమిషాల్లో ప్లేటు తయారు. చాలా బండ్ల దగ్గర వంటవాళ్ళు నేపాల్ నుంచో, డార్జిలింగ్ వైపు నుంచో, ఒడిశా నుంచో వచ్చిన కుర్రాళ్ళు. నేపాల్ వాళ్ళని చూసి “వీడు చైనా వాడు, బాగా చేస్తాడు” అనేవాళ్ళని మీరూ విని ఉంటారు. మొహం చూసి దేశం నిర్ణయించే అలవాటు మనకి ఇంకా పోలేదు.

ఈ తిండి మీద ఉన్న ఒక అపవాదు గురించి కూడా చెప్పుకుందాం. అజినమోటో, మన బండి భాషలో టేస్టింగ్ సాల్ట్. 1908లో టోక్యోలో కికునాయె ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త, సముద్రపు నాచుతో కాచిన రసానికి అంత రుచి ఎందుకొస్తుందని వెతికి, అందులోంచి గ్లుటమేట్‌ని విడదీశాడు. ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. మరుసటేడు అజినమోటో పేరుతో అది అమ్మకానికి వచ్చింది. 1968లో అమెరికాలో ఒక డాక్టరు, చైనీస్ హోటల్లో తిన్నాక మెడ తిమ్మిరెక్కినట్టు ఉంటోంది, కారణం ఏమై ఉంటుందని ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. అంతే, చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్ అని ఒక జబ్బే పుట్టింది. అమెరికా ఆహార సంస్థ మాత్రం దీన్ని ఉప్పు, వంట సోడా లాంటి మామూలు వాడకానికి సురక్షితమైన వాటి జాబితాలోనే ఉంచింది. మన టమాటాల్లో కూడా గ్లుటమేట్ సహజంగా ఉంటుంది. చైనా వాడి వంటింట్లో ఉంటే విషం, మన చిప్స్ ప్యాకెట్‌లో ఉంటే రుచి అనుకోవడంలో న్యాయం లేదు. బండి దగ్గర నిజంగా భయపడాల్సింది ఎర్ర రంగుకి. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది, అది సరైన పనే.

మళ్ళీ టాంగ్రాకి వద్దాం. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, కాలుష్యం కారణంగా కలకత్తా తోళ్ళ కార్ఖానాలని నగరం బయటికి తరలించమంది. కొందరు బంతలా వెళ్ళారు, చాలామంది మూసేశారు. మూసేసిన కార్ఖానాల చోట హోటళ్ళు పెరిగాయి. ఏ వీధిలో తోళ్ళ కంపుకి ముక్కు మూసుకుని పోయేవాళ్ళో, అదే వీధికి ఇప్పుడు కార్లలో వచ్చి టేబుల్ కోసం ఎదురుచూస్తున్నారు. అక్కడే చైనీస్ కాళీ గుడి ఉంది. అమ్మవారికి నూడిల్స్ ప్రసాదం పెడతారు. ఇంతకన్నా ఇక్కడివాళ్ళు ఎలా అవుతారండీ ఎవరైనా?

టొరంటోలో ఉన్న మన తెలుగువాళ్ళు ఈ ఎపిసోడ్ చూస్తుంటే వాళ్ళకొక మాట. అక్కడ హక్కా రెస్టారెంట్ అని బోర్డు చూసి మీరు వెళ్తారు. చిల్లీ చికెన్, మంచూరియన్ అచ్చం ఇంటి దగ్గర తిన్నట్టే ఉంటాయి. ఎందుకంటే అవి పెట్టినవాళ్ళు కలకత్తా నుంచి వెళ్ళినవాళ్ళు. మీరు ఉద్యోగం కోసం వెళ్ళారు. వాళ్ళలో చాలామంది 1962 తర్వాత ఇక్కడ ఉండలేక వెళ్ళారు. ఇంటి మీద బెంగతో మీరు తినే ఆ ప్లేటు, ఇల్లు పోగొట్టుకున్నవాళ్ళు వండింది.

ఇది పాత కథ, ఇప్పుడెందుకు అని ఎవరైనా అనొచ్చు. 2020 జూన్ గుర్తు చేసుకోండి. గల్వాన్ లోయలో 20 మంది మన సైనికులు చనిపోయారు. వాళ్ళకి నాయకత్వం వహించిన కల్నల్ సంతోష్ బాబు మన సూర్యాపేట బిడ్డ. ఆ దుఃఖం మనందరిదీ. ఆ కోపంలో ఒక కేంద్ర మంత్రి చైనీస్ తిండి అమ్మే హోటళ్ళు మూయించాలన్నారు. ఆ హోటళ్ళు మూస్తే నష్టపోయేది ఎవరు? బీజింగ్‌లో ఒక్కరికీ ఏమీ కాదు. బస్టాండు దగ్గర బండి నడిపే మనవాడు, టాంగ్రాలో ఆరేడు తరాలుగా ఉన్న కుటుంబం, వీళ్ళు వీధిన పడతారు. దేవ్‌లీ కూడా సరిగ్గా ఇలాంటి కోపంలోంచే పుట్టింది. సరిహద్దు మీద ఉన్న సైన్యాన్ని ఏమీ చెయ్యలేక, పక్కింటివాడి మొహం మీద ఆ కోపం తీర్చుకున్నాం.

రెండో ప్రపంచ యుద్ధంలో తన జపనీస్ పౌరుల్ని శిబిరాల్లో పెట్టినందుకు అమెరికా 1988లో చట్టం చేసి మరీ క్షమాపణ చెప్పింది, పరిహారం ఇచ్చింది. దేవ్‌లీలో ఉన్నవాళ్ళు కెనడాలో ఒక సంఘం పెట్టుకుని మన ప్రభుత్వాన్ని అడుగుతున్నారు. డబ్బు సంగతి తర్వాత, ముందు తప్పు జరిగిందని ఒప్పుకోమంటున్నారు. ఆ మాట ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ చెప్పలేదు. అడిగేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు, వయసైపోతోంది కదా.

మనం ప్రభుత్వం కాదు, క్షమాపణ పత్రాలు మన చేతుల్లో లేవు. కానీ స్కూలు పుస్తకాల్లో లేని ఈ సంగతి మన నోట్లో ఉండొచ్చు. ఈసారి స్నేహితులతో వెళ్ళినప్పుడు, సూపు వచ్చేలోపు పది నిమిషాలు ఖాళీ ఎలాగూ ఉంటుంది. అచీపూర్ గురించి, దేవ్‌లీ గురించి ఒక్క ముక్క చెప్పండి. “మంచూరియా ఎక్కడిది?” అని ఎవరైనా అడిగితే, మనదే అని చెప్పండి. దాన్ని వండినవాళ్ళు కూడా మనవాళ్ళే అని ఆ వెంటనే చేర్చండి.

మీ ఊళ్ళో పాత చైనీస్ హోటల్ గురించో, చైనా డెంటిస్టు గురించో ఇంట్లో పెద్దవాళ్ళకి ఏమైనా గుర్తుంటే అడిగి రాసిపెట్టుకోండి. అలాంటివి ఎవరూ రాయకపోతే పోతాయి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం.